అద్దం ముందు: అది పీచు కాదు, దాహమేస్తున్న జుట్టు

ఈ వారం ఉత్తరాల కట్టలో ఒక ఉత్తరం మటుకు నన్ను రెండు రోజులు వదల్లేదు. బాపట్ల జిల్లా రామాపురం నుంచి డిగ్రీ చదివే ఒక అమ్మాయి రాసింది. పేరు వేయొద్దంది, వేయను. నోటుబుక్కులోంచి చింపిన కాగితాలు మూడు, రెండు వైపులా నింపేసింది. ఇంతకీ విషయం ఏమిటంటే... జుట్టు!

ఆ అమ్మాయిది ఒత్తయిన బిరుసు జుట్టు. తలంటుకున్న రోజున గొడుగు విప్పినట్టు లేచి కూర్చుంటుందట. కాలేజీ బస్సులో ఒకడు "కొబ్బరిపీచు" అంటాడు, ఇంకొకడు "చీపురుకట్ట" అంటాడు. ఇంట్లో నాయనమ్మ సైతం "దీని తల దువ్వలేక దువ్వెనలు విరుగుతున్నాయే తల్లీ" అని మూలుగుతుందట. ఇంతవరకే అయితే నవ్వేసి ఊరుకోవచ్చు. కాని మూడు నెలల్లో అక్క పెళ్ళి వుంది. టౌనులో ఒక పార్లరువాళ్ళు మందు పెట్టి, జుట్టు సాపు చేసి, పట్టుకుచ్చులా వేలాడేలా చేస్తామన్నారు. అడిగింది వేలల్లో. పెళ్ళి ఖర్చులతో ఇంట్లో రూపాయి ఆడటం లేదు. కూతురి ఏడుపు చూడలేక వాళ్ళమ్మ తన చెవిదిద్దులు కుదువబెడతానందట. "పెట్టమనమంటారా అక్కయ్యా?" ఇదీ ఆ పిల్ల ప్రశ్న. ఉత్తరంతోపాటు ఒక హీరోయిన్ బొమ్మ కత్తిరించి పంపింది, జలపాతంలా జారే జుట్టుతో.

వద్దు చెల్లీ. దిద్దులు అమ్మ చెవులకే వుండనీ. నీ జుట్టుకి కావలసిన సరుకంతా తెనాలి బజారులోనో, బాపట్ల బజారులోనో, సగం మీ పెరట్లోనో దొరుకుతుంది. ఎలాగో చెబుతాను. ముందు ఆ బొమ్మ సంగతి తేల్చేద్దాం.

తెరమీద జుట్టు వేరు, తలమీద జుట్టు వేరు! షాట్‌కీ షాట్‌కీ మధ్య హెయిర్ డ్రెస్సర్ దువ్వెనతో పక్కనే నిలబడి వుంటుంది. గాలి ఎటు వీచాలో ఫ్యాను చెబుతుంది. చాలకపోతే అతికించే పాయలున్నాయి. పూర్వం మన నాయికలు సవరాలూ, విగ్గులూ వాడినట్టే ఇదీను. వాణిశ్రీగారి కొప్పులు చూసి ఊరూరా ఆడపిల్లలు అద్దం ముందు గంటలు గంటలు కుస్తీ పట్టిన రోజులు మీ అమ్మమ్మనడిగితే చెబుతుంది. ఆ కొప్పు నిలబడాలంటే ఒత్తు కావాలి, బిరుసు కావాలి. జారిపోయే జుట్టుకి కొప్పేమిటి, పిన్ను కూడా నిలవదు. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అని ఊరికే అన్నారా!

పైగా ఇప్పటి చిత్రాలు చూడు. 2010లో రాఘవేంద్రరావుగారి 'ఝుమ్మంది నాదం'తో వచ్చిన తాప్సీది ఉంగరాల జుట్టు. మరుసటి సంవత్సరం నందినీరెడ్డి తీసిన 'అలా మొదలైంది'లో నిత్యా మీనన్ తన రింగుల జుట్టు రింగులుగానే వుంచుకుని వచ్చింది, జనం నెత్తిన పెట్టుకున్నారు. 2015లో మలయాళం 'ప్రేమమ్' చూసిన కుర్రాళ్ళు అనుపమా పరమేశ్వరన్‌ని గుర్తుపెట్టుకున్నదే ఆ జుట్టుతో. ఆ మరుసటి ఏడు తెలుగు 'ప్రేమమ్'కీ ఆమెనే తెచ్చారు. ఇక మగవాళ్ళ సంగతి చెప్పేదేముంది! నుదుటిమీద ఒక్క రింగు జారితే హీరో స్టయిలంటారు. అదే రింగు ఆడపిల్ల నుదుటిమీద పడితే "తల దువ్వుకోలేదా?" అంటారు. ఈ పక్షపాతం మీద విడిగా ఒక వారం రాయాలి.

సరే, అసలు విషయానికి వద్దాం. జుట్టు ఎందుకు బిరుసెక్కుతుంది?

వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి పొర వుంటుంది. పొలుసులు సర్దుకుని పడుకుంటే వేలికి నునుపు, చూపుకి మెరుపు. లేచి నిలబడితే ఒక వెంట్రుక ఇంకొకదాన్ని పట్టుకుంటుంది. అదే చిక్కు. మాడు మీద మన ఒంట్లోంచే కొంత నూనె ఊరుతుంది. తిన్నని వెంట్రుక అయితే ఆ నూనె కుదుళ్ళ నుంచి చివర్ల దాకా తేలిగ్గా జారుతుంది. మెలికలు తిరిగిన వెంట్రుకలో ప్రతి మెలిక దగ్గరా ఆగిపోతుంది. అందుకే మాడు జిడ్డుగానూ, చివర్లు గడ్డిలానూ వుంటాయి. ఇది రోగం కాదు, మురికి కాదు. ఆ జుట్టుకి దాహమెక్కువ, అంతే. నూనె దిగదు, తేమ నిలవదు.

దానికి తోడు మీ ఊరి నీళ్ళు. సముద్రం పక్క ఊళ్ళలో బోరు నీళ్ళు ఎలా వుంటాయో నీకు నేను చెప్పాలా? బిందె అడుగున తెల్లగా కట్టే సున్నం చూశావుగా, అదే వెంట్రుక మీదా పేరుకుంటుంది. ఆ నీళ్ళలో ఒంటి సబ్బుతో తల రుద్దుకుంటే ఇంకా నష్టం. సబ్బూ, నీళ్ళలోని సున్నమూ కలిసి తెట్టులాంటి జిగట కట్టి జుట్టుని పట్టేస్తాయి. ఎంత కడిగినా పోదు. ఉత్తరంలో రాశావు, "షాంపూ అయిపోతే ఒంటి సబ్బే రుద్దుకుంటాను" అని. చెల్లీ, నీ జుట్టు బిరుసులో సగం వాటా ఆ సబ్బుదే!

అన్నట్టు నాదీ ఇదే జుట్టు. ఇంటర్ చదివే రోజుల్లో నేను చేసిన ఘనకార్యం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మేనమామ కూతురి ఓణీల ఫంక్షనుకి వెళ్ళాలి. తల బల్లమీద ఆన్చి, పైన తువ్వాలు కప్పి, బట్టల ఇస్త్రీపెట్టెతో జుట్టు ఇస్త్రీ చేయమని మా చెల్లెల్ని కూర్చోబెట్టాను. తల ఇంకా తడి ఆరలేదు. 'చుస్'మంది. ఎండుచేప కాలిన వాసన! ఎడమవైపు జానెడు పాయ ఊడి ఇస్త్రీపెట్టెకి అంటుకొచ్చింది. ఆ ఫంక్షను ఫోటోలన్నిట్లో నేను కుడివైపుకే తిరిగి వుంటాను. ఆ తర్వాత తెలిసింది, తడి వెంట్రుకకి అంత వేడి తగిలితే లోపలి నీరు ఆవిరై, వెంట్రుకలోనే బుడగలు లేచి, అక్కడికక్కడ విరిగిపోతుందని. కరెంటు స్ట్రెయిటెనర్ అయినా అంతే. తడి జుట్టుకి చూపించనే కూడదు.

ఇక వైద్యం. ముందు నీళ్ళు.

తల మొత్తం మంచినీళ్ళతో పోసుకోమని నేననను. బోరు నీళ్ళతోనే కానివ్వు. చివర రెండు చెంబులు మాత్రం కాలవ నీళ్ళో, వాననీళ్ళో, తాగడానికి తెచ్చుకునే క్యాను నీళ్ళో పోసుకో. వారానికొకసారి ఒక పెద్ద చెంబుడు నీళ్ళలో చిన్న చెంచాడు నిమ్మరసం కలిపి జుట్టుమీద పోసుకుని, ఒక నిమిషం ఆగి, మళ్ళీ మామూలు నీళ్ళు పోసుకో. పులుపు తగిలితే ఆ సున్నం పట్టు కాస్త వదులుతుంది, లేచిన పొలుసులు సర్దుకుంటాయి. నిమ్మకాయల మార్కెట్టున్న తెనాలి పక్కన వుండి నిమ్మకాయకి వెతుక్కోనక్కర్లేదు. కాని కాయ కోసి నేరుగా తలకి రుద్దొద్దు. మాడు మంట, జుట్టుకి చేటు. తలలో పుండుంటే అసలే వద్దు.

తలంటు వారానికి ఒకసారి చాలు. ఉప్పుగాలికీ, చెమటకీ తప్పదనుకుంటే రెండుసార్లు. అంతకుమించి వద్దు.

తలంటుకి ముందు నూనె. ఇది ముసలమ్మల చాదస్తం కాదు. కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్, మూడింటినీ పోల్చి చూసి 2003లో ఒక పరిశోధన అచ్చేశారు. తలస్నానంలో వెంట్రుక పోగొట్టుకునే మాంసకృత్తుల్ని కాపాడింది ఆ మూడింట్లో కొబ్బరినూనె ఒక్కటే. దాని కణం చిన్నది, తిన్ననిది కాబట్టి వెంట్రుక లోపలికి దిగుతుంది. (ఆ పరిశోధన చేసినవాళ్ళు ముంబైలో కొబ్బరినూనె అమ్మే కంపెనీవాళ్ళే! అది తెలిసే నేను మా ఇంట్లో ఆరు నెలలు పరీక్షించి చూసుకున్నాను. నా తలమీదయితే మాట నిజమే.) రెండు చెంచాల నూనె గోరువెచ్చగా చేసి, మాడుకి కొంచెం, చివర్లకి ఎక్కువ పట్టించు. మనవాళ్ళు దీన్ని తిరగేసి చేస్తారు. మాడు మీద గిన్నెడు కుమ్మరించి చివర్లు వదిలేస్తారు. గంటసేపు వుంచితే చాలు. ఆముదం చిక్కన గనక ఒక వంతు ఆముదానికి మూడు వంతులు కొబ్బరినూనె కలుపుకో. నూనె రాస్తే జుట్టు పెరుగుతుందని మాత్రం నమ్మకు. వున్నది విరగకుండా నిలుస్తుంది, అంతే. చుండ్రు వుంటే రాత్రంతా నూనెతో పడుకోవద్దు, చుండ్రు తెచ్చే సూక్ష్మజీవికి ఆ జిడ్డే మేత.

తర్వాత కుంకుడుకాయ. పచారీ కొట్లో దొరికే ఈ కాయలో సపోనిన్ అనే నురగపదార్థముంది. సున్నపు నీళ్ళలో సబ్బు కట్టినట్టు ఇది తెట్టు కట్టదు, అదీ దీని గొప్ప. నీ ఒత్తుకి పది పన్నెండు కాయలు చాలు. చితక్కొట్టి, గింజలు తీసేసి, వేడినీళ్ళలో గంటసేపు నానబెట్టి, పిసికి, గుడ్డలో వడకట్టు. అయితే ఒక మాట. చిక్కటి కుంకుడు రసం జుట్టులో వున్న కాస్త నూనెనీ ఊడ్చేస్తుంది. బిరుసు జుట్టువాళ్ళు కుంకుడుకాయ పడలేదంటారే, కారణం అదే. సమానంగా నీళ్ళు కలిపి, మాడుకి మాత్రమే రుద్దు. చివర్లకి కారిన రసమే చాలు. అందులో గుప్పెడు మందార ఆకులు నూరి కలిపితే రసం జారుడుగా వస్తుంది. మందార చెట్టు మీ పెరట్లో లేకపోతే పక్కింట్లో వుంటుంది. కళ్ళు గట్టిగా మూసుకో, ఆ మంట సంగతి నీకు కొత్త కాదు!

షాంపూయే వాడతానంటే నాకు అభ్యంతరం లేదు. పాకెట్టు షాంపూ ఒక మగ్గు నీళ్ళలో కలిపి పోసుకో, ఆ తర్వాత కండిషనర్ తప్పకుండా రాయి. కండిషనర్‌లో ఖరీదుని బట్టి తేడా తక్కువ. సీసా మీద బొమ్మకే ఎక్కువ డబ్బులు.

ఇప్పుడు ఈ ఉత్తరానికంతటికీ ప్రాణంలాంటి మాట చెబుతున్నాను, రెండుసార్లు చదువు. బిరుసు జుట్టుకి కావలసింది జిగురు, జారుడు. మనం అన్నం తినేటప్పుడు చెయ్యికి అంటుకుంటుందని విసుక్కునే బెండకాయ జిగురు లాంటిది! జిగురున్న చోట వెంట్రుకలు ఒకదానిమీద ఒకటి జారతాయి, చిక్కు దానంతటదే విడుతుంది.

మెంతులు దీనికి మేలు. రెండు చెంచాల మెంతులు రాత్రి నానబెట్టి, పొద్దున్నే వెన్నలా మెత్తగా నూరి, తలంటిన తర్వాత తడి జుట్టుకి పట్టించి ఇరవై నిమిషాలుంచి కడిగెయ్. బరకగా నూరావో, నలకలు జుట్టులో చిక్కి రెండు రోజులు ఏరుకుంటూ కూర్చుంటావు. వాసన కూడా ఆ పూటకి వదలదు, కాలేజీ వున్న రోజున వద్దు.

అంతకంటే నాకిష్టమైనది అవిసె గింజల జిగురు. రెండు చెంచాల అవిసె గింజలు రెండు గ్లాసుల నీళ్ళలో వేసి సన్నని సెగమీద కలుపుతూ మరిగించు. గుడ్డు తెల్లసొనలా తీగ సాగగానే దించెయ్. వేడిమీదే పల్చని పాత వాయిలు గుడ్డలో వడకట్టాలి. చల్లారిందా, గింజలూ జిగురూ ఒకటై నీ సహనానికి పరీక్ష పెడతాయి. ఈ జిగురు తడి జుట్టుకి రాసి, దోసిట్లో పట్టి పైకి నొక్కుతూ వదిలెయ్. ఆరిన తర్వాత చూస్తే, గొడుగులా లేచేది పాయలు పాయలుగా, ఉంగరాలుగా విడిపోయి కూర్చుంటుంది. నాకైతే మొదటిసారి అద్దంలో ఎవరో కొత్తమనిషి కనపడింది! ఫ్రిజ్జు వుంటే వారం నిలవ వుంటుంది, లేకపోతే మర్నాటికల్లా వాడెయ్, పులిసిపోతుంది. పార్లర్లలో జెల్ అని డబ్బాల్లో అమ్మే సరుకు చేసే పని కూడా ఇదే.

గంజి పెట్టడం మన ఇళ్ళలో పాతదే. పల్చగా, ఎప్పుడో ఒకసారి అయితే మంచిదే. వారం వారం చిక్కటి గంజి పెడితే నూలు చీరెకి పెట్టినట్టు జుట్టు బిరుసెక్కుతుంది, మళ్ళీ మొదటికొస్తావు. కోడిగుడ్డు సంగతి చాలామంది అడుగుతారు. గుడ్డులోని మాంసకృత్తి పెద్దది, వెంట్రుకలోకి దూరదు. నీచు వాసన తప్ప మిగిలేది లేదు. ఆ గుడ్డు ఉడకబెట్టుకుని తిను! రక్తం తక్కువైతే ఎంత జిగురు రాసినా కుదుళ్ళు నిలవవు.

దువ్వడం గురించి మీ నాయనమ్మకి ఈ పేరా చదివి వినిపించు. ఒత్తు జుట్టుని పొడిగా దువ్వకూడదు. పొడిగా దువ్విన ప్రతిసారీ ఉంగరం విడిపోయి వెంట్రుకలన్నీ దేనికది లేస్తాయి. ఆ లేచినదే గొడుగు! తలంటిన రోజునే, తడిగా, కండిషనరో మెంతి ముద్దో తలమీద వుండగానే, జుట్టు నాలుగు పాయలు చేసుకో. ముందు వేళ్ళతో. తర్వాత వెడల్పు పళ్ళ దువ్వెనతో, చివర్ల నుంచి మొదలెట్టి అంగుళం అంగుళం పైకి రావాలి. కుదుళ్ళ దగ్గర దువ్వెన గుచ్చి కిందికి లాగడంవల్లే మీ ఇంట్లో దువ్వెనలు విరుగుతున్నాయి. నిజానికి విరిగేది ముందు జుట్టు, తర్వాత దువ్వెన. మర్నాడు జడ వేసుకోవాలంటే చేతులు తడి చేసుకుని పైపైన సర్దుకుంటే సరి.

టర్కీ తువ్వాలుతో తల దబదబా బాదే అలవాటు మానెయ్. నాన్నగారి పాత పంచెముక్కతో ఒత్తుకో. సాంబ్రాణి పొగ అంటే నాకూ ప్రాణమే, కాని ఉబ్బసం వున్నవాళ్ళకి పడదు, ఆ నిప్పుల వేడికి చివర్లు మరీ దగ్గర పెట్టొద్దు. రాత్రి పడుకునేముందు వదులుగా ఒక జడ అల్లుకుని, దిండుమీద పాత పట్టుచీరె ముక్క పరుచుకో. నూలు గలీబు జుట్టుని గీరుతుంది, పట్టు జారనిస్తుంది. పట్టు లేకపోతే బట్టల కొట్లో లైనింగు కోసం అమ్మే శాటిన్ అరమీటరు చాలు.

మరి పార్లరువాళ్ళ మందు? డబ్బు ఒక్కటే అయితే నేనింత గట్టిగా వద్దనేదాన్ని కాదు. జుట్టు సాపుచేసే మందులు కొన్నింట్లో ఫార్మాల్డిహైడ్ వుంటుంది, లేదా వేడి తగలగానే అది పొగలా బయటికొస్తుంది. కళ్ళు మండేది అందుకే. అది లేదని చెప్పి అమ్మే కొన్నింట్లో గ్లయాక్సిలిక్ ఆమ్లం వుంటుంది. ఒకమ్మాయికి 2020లో, 2021లో, 2022లో, మూడుసార్లూ జుట్టు సాపుచేయించుకున్నాకే మూత్రపిండాలు దెబ్బతిన్నాయని 2024లో వైద్య పత్రికలో రాశారు. ఆమెకి రాసిన క్రీములో ఈ ఆమ్లమే వుంది. 2022లో అమెరికాలో 33,497 మంది స్త్రీలను దాదాపు పదకొండేళ్ళు గమనించిన పరిశోధన ఇంకొకటి వచ్చింది. జుట్టు సాపుచేసే మందులు ఎన్నడూ వాడనివాళ్ళలో డెబ్బయ్యో ఏటికి గర్భాశయ కాన్సరు వచ్చే అవకాశం 1.64 శాతమైతే, తరచుగా వాడినవాళ్ళలో 4.05 శాతంగా లెక్కతేలింది. ఆ మందులే కారణమని అది తేల్చి చెప్పలేదు, సంబంధం కనపడిందన్నారు. ఒక్కసారి చేయించుకున్నవాళ్ళందరికీ ఏదో అయిపోతుందని నేనూ అనను. కాని ఇంకొక లెక్క చూడు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆరు నెలలకి పైన రెండంగుళాలకి పైగా నీ సొంత ఉంగరాలు, కింద పార్లరు సాపు. ఒకే తలమీద రెండు జుట్లు! అప్పుడు మళ్ళీ వెళ్ళాలి. అమ్మకున్నది ఒక్క జత దిద్దులేగా?

ఇంకో తమాషా విను. తిరుమలలో మన భక్తులు మొక్కు తీర్చుకుని ఇచ్చిన తలనీలాలని దేవస్థానంవాళ్ళు వేలం వేస్తారు. ఆ జుట్టు దేశాలు దాటి విగ్గులుగా, అతుకుపాయలుగా మారుతుంది. కొనేవాళ్ళలో అమెరికాలోని నల్లజాతి స్త్రీలు ఎంతోమంది. 2009లో క్రిస్ రాక్ అనే హాస్యనటుడు 'గుడ్ హెయిర్' అని దీనిమీద డాక్యుమెంటరీ తీసి, ఆ జుట్టు వెంట మన దేశం దాకా వచ్చాడు. వాళ్ళది నీకంటే పదింతలు బిరుసైన, చుట్టలు చుట్టుకుపోయే జుట్టు. తరతరాలుగా దాన్ని మందులతో కాల్చుకుని, సాపు జుట్టు లేకపోతే ఉద్యోగాల్లో చిన్నచూపు చూస్తే భరించి, చివరికి చాలామంది చాలించారు. పుట్టినప్పటి జుట్టే వుంచుకుంటామన్నారు. జుట్టు తీరుని బట్టి బడిలోనూ, పనిలోనూ వివక్ష చూపరాదని 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం చట్టమే చేసింది. తడిగా చిక్కుతీయడం, అవిసె జిగురు, రాత్రి పట్టుగుడ్డ, నేను పైన చెప్పినవాటిలో సగం వాళ్ళూ చేసేవే. సాపు జుట్టు కోసం వాళ్ళు మన జుట్టు కొంటుంటే, మనం మన జుట్టుని ఇంకా సాపు చేయించుకోవడానికి దిద్దులు తాకట్టు పెడుతున్నాం!

ఇక పెళ్ళినాటి అలంకారం. జలపాతం వద్దు, జడ వెయ్యి. సత్యభామ జడ గుర్తుందా? కూచిపూడి భామాకలాపంలో ఆమె తెరమీదుగా జడ విసిరి సవాలు చేస్తుంది, నన్ను ఓడించేవాళ్ళెవరూ అని. వేదాంతం సత్యనారాయణశర్మగారు మగవాడై వుండి ఆ వేషంలో ఆ జడతోనే లోకాన్ని మెప్పించారు. మీ తెనాలి దారిలోని దుగ్గిరాలలో పెరిగిన జమునగారు 1966లో 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామగా నడిచొస్తే జనం ఆ జడనీ, ఆ విసురునీ కలిపే చూశారు. పల్చని జుట్టు పిల్లలు అలాంటి జడకి సవరం కట్టుకోవాలి, పిన్నులు గుచ్చుకోవాలి. నీకు ఏమీ అక్కర్లేదు. పెళ్ళికి రెండు రోజుల ముందు నూనె, తలంటు, మెంతి ముద్ద. ముందురోజు సాయంత్రం కొంచెం తడి చేసి అవిసె జిగురు రాసి వదులుగా అల్లి పడుకో. పొద్దున్న విప్పి, పాపిట దగ్గర మాత్రం తడిచేత్తో సర్ది, జడ వేసి జడగంటలు కట్టు. బిరుసు జుట్టులో మల్లెలు సాయంత్రం దాకా జారవు. చెవుల దగ్గర రెండు ఉంగరాలు తప్పించుకుని బయటికొస్తాయి, వాటిని మాత్రం లోపలికి దోపొద్దు.

మూడు నెలలు టైముంది కాబట్టి ఈ ఆదివారం నుంచే మొదలెట్టు. పెళ్ళినాడు కొత్తగా ఏదీ ప్రయత్నించకు. మొదటి రెండు వారాలు తేడా తెలియదు, పైపెచ్చు పాత జిగట వదిలేటప్పుడు జుట్టు ఇంకా అల్లరి చేస్తుంది. నాలుగో తలంటుకి చిక్కు తీసే సమయం తగ్గిందో లేదో గడియారం చూసుకుని నాకు రాయి. మెంతులో మందారో పడక మాడు దురదపెడితే వెంటనే ఆపెయ్, ముందు మోచేతి మడతలో కాస్త రాసి చూసుకుంటే మంచిది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంటే మాత్రం ఇవేవీ కాదు, డాక్టరుకి చూపించు.

ఆ, తా.క.లో తమ్ముడి సంగతి అడిగావు కదూ. వాడికీ ఇదే జుట్టట, క్రాపు ఎటు దువ్వినా నిలబడుతోందని బకెట్టు నీళ్ళు పోసి అణగదొక్కుతున్నాడట. పక్కల పొట్టిగా, పైన కాస్త పొడుగ్గా కత్తిరించమను. అవిసె జిగురు అరచెంచా తడి జుట్టుకి రాసి వేళ్ళతో వెనక్కి తోసుకోమను, దువ్వెన వద్దు. మిగిలిన జిగురు నువ్వు దాచుకున్న సీసాలోంచి దొంగిలిస్తాడు, రెండు చెంచాలు ఎక్కువే కాచుకో.

వచ్చే వారం: వేసవి చెమటకాయలు, పౌడర్ల మోసాలు.